మోటారుసైకిలు యాత్రలు – బాటల ఋణము

మోటారుసైకిలుపై దేశములు దాటిపోవు యాత్రల చరిత్రను వ్రాయువారు సాధారణముగా యంత్రముల దార్ఢ్యమును, యాత్రికుల సాహసమును వర్ణించి అంతటితో చాలింతురు. ఆ రెండును వర్ణనార్హములే. కాని ఆ చక్రములు నడచిన బాటలను ఎవ్వరు వేసిరి, ఎవ్వరి కొఱకు వేసిరి అని విచారించినచో ఈ చరిత్ర మఱియొక రూపమున గోచరించును. ఈ యాత్రికుని నిమిత్తమై తొలుత బాట వేసినవారు లేరు. రైళ్ల కొఱకును, సైన్యముల కొఱకును పరులు చెమటోడ్చి వేసిన దారులనే అతడు తన జిజ్ఞాసకు అనువుపఱచుకొనెను.

జర్మనీలో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అను నిరువురు కొయ్యచట్రమునకు పెట్రోలు ఎంజనును అమర్చి ద్విచక్రవాహనమును సృజించినది 1885లో. అటు పిమ్మట పదునెనిమిదేండ్లకే, 1903 మే 16వ తేదీన, జార్జి వైమన్ అను అమెరికా యువకుడు ఒకటింబావు అశ్వశక్తి గల బండిపై శాన్‌ఫ్రాన్సిస్కోనుండి న్యూయార్కునకు బయలుదేరెను. ఆ బండి సైకిలుకన్న కొంచెము బలిష్ఠమైనది, అంతే. ఎంజను బలమును వెనుకచక్రమునకు అందించునది ఒక తోలుపట్టె. సియెర్రా నెవాడా పర్వతములలో మంచును బురదయును దారిని మ్రింగివేయగా, వైమన్ రైలుపట్టాల నడుమకు ఎక్కి, స్లీపరు వెంట స్లీపరుగా, కీళ్లు కదలిపోవునట్లు ఎగిరిపడుచు మైళ్లకొలది బండి నడపెను. ఆ కొండలను తొలిచి 1860 దశకమున ఆ పట్టాలను పఱచినవారిలో అత్యధికులు చీనా కూలీలు. ఆల్బనీ చేరునప్పటికి ఎంజను పూర్తిగా మొరాయింపగా, మిగిలిన 150 మైళ్లును పెడళ్లు త్రొక్కుచు వచ్చి, జూలై 6న అతడు న్యూయార్కు ప్రవేశించెను. మోటారు వాహనముపై అమెరికా ఖండమును దాటిన ప్రథముడు అతడే. మోటారుకారు ఆ కార్యమును ఇరువది దినముల తరువాతగాని సాధింపలేకపోయెను.

స్త్రీలును ఈ మార్గమున వెనుదీయలేదు. సైన్యమున వార్తాహరులుగా పనిచేయుటకు స్త్రీలు సమర్థులని నిరూపించుటకై 1916లో వాన్ బ్యూరెన్ సోదరీమణులు అమెరికాను ఈ కొసనుండి ఆ కొసకు దాటిరి. దారిలో పురుషవేషము ధరించిరన్న నెపమున వారిని పోలీసులు నిర్బంధించిరి, గమ్యము చేరిన పిమ్మటను సైన్యము వారిని స్వీకరింపలేదు. 1934 డిసెంబరు 11న లండనునుండి థెరిసా వాలక్, ఫ్లారెన్సు బ్లెంకిరన్ అను నిరువురు ప్యాంథరు మోటారుసైకిలునకు ప్రక్కబండిని, వెనుకబండిని తగిలించుకొని ఆఫ్రికా దక్షిణాగ్రమునకు ప్రయాణమైరి. చేత దిక్సూచియైన లేక సహారా ఎడారిలో ప్రవేశించిన ఆ స్త్రీలకు అక్కడ ఆశ్రయమిచ్చినవి ఫ్రెంచి సైనికుల ఠాణాలును, ఎడారివాసుల బావులును. మార్గమధ్యమున ఎంజను చెడగా అగాదెజ్ పట్టణమున థెరిసా దానిని విప్పి మరల కూర్చెను. 1935 జూలై 29న వారు కేప్‌టౌను చేరిరి.

మన దేశమున ఈ యాత్రలకు మూలాధారమైనది బుల్లెట్టు. స్వాతంత్ర్యానంతరము సరిహద్దుల గస్తీకి గట్టి బండి కావలసిరాగా, ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు వారు చేయు 350 సి.సి. బుల్లెట్టును భారతసైన్యము ఎన్నుకొనెను. ఆ గిరాకీయే ఊతముగా 1955లో ఆ కంపెనీ మద్రాసు మోటార్సు సంస్థతో చేయి కలిపి మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరున కర్మాగారమును నెలకొల్పెను. ఆ పాత బండికి కిక్కు కొట్టుటయే ఒక విద్య. తాళము త్రిప్పి, కిక్కురాడ్డును మెల్లగా అదుముచు, అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చి నిలుచువఱకు కనిపెట్టి, డీకంప్రెషను లివరు నొక్కి పిస్టనును రవంత దాటించి, లివరు వదలి, ఒక్క పెట్టున త్రొక్కవలెను. ఈ క్రమము తప్పినచో రాడ్డు వెనుదన్ని కాలిని నొప్పించును. అయినను స్పానరు పట్టనేర్చిన ప్రతి మెకానిక్కునకును దాని గుట్టు తెలియును గనుక, ఏ మారుమూల పల్లెలో ఆగిపోయినను బాగుచేయువాడు దొరకుననెడి ధీమా దూరయాత్రికునికి వేగముకన్న మిన్న.

బండివలెనే బాటయు సైన్యమునకై పుట్టినదే. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ అధీనమున నున్న, హిమాలయములలోని మనాలి–లేహ్ మార్గము 400 కిలోమీటర్లకు మించి సాగి, తగ్‌లంగ్ లా కనుమవద్ద 17,000 అడుగులు దాటిన యెత్తున కెక్కును. అక్కడ గాలి పలుచనగుటచే కార్బ్యురేటరు బండిలో పెట్రోలు పాలు హెచ్చి, నల్లని పొగ వెడలి, ఎంజను నీరసించును. ఈ దారి పౌరులకు తెరువబడినది 1989లో. ఏటేట మంచు చెఱిపిన దానిని వేసవిలో మరల దిద్దువారిలో అనేకులు ఝార్ఖండులోని దుమ్కా ప్రాంతమునుండి వచ్చు కూలీలు. ముఖములకు గుడ్డలు చుట్టుకొని, పీపాలలో తారు కాచి, తట్టలతో కంకర మోసి పఱచునది వారే.

నేడు హైదరాబాదునుండియు, విశాఖపట్టణమునుండియు మన యువజనులు లేహ్‌కు పోవుచున్నారు. 2018లో హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్లపై మయన్మారు మీదుగా మెకాంగ్ నదీతీర దేశములను చుట్టివచ్చిరి. ఇది మనము గర్వింపదగిన విషయము. అయితే చీనా కూలీని మఱచి వైమన్‌ను, దుమ్కా కూలీని మఱచి హిమాలయ యాత్రికుని కీర్తించు చరిత్ర సగము చరిత్రయే. కనుమ శిఖరమున నిలిచి చిత్రము తీయించుకొను యాత్రికుడు, ఆ యెత్తునకు తన్ను చేర్చిన చేతులను గుర్తించి, తాను వ్రాయు యాత్రాకథలో వారికిని చోటు కల్పింపవలెను. ఆ ఋణమును తీర్చుట అతనికి శక్యము కాకపోవచ్చును. ఒప్పుకొనుట మాత్రము అతని విధి.