మేక్ అను సాధనము: దాని గుణదోషములు

నేను బాలాపూరులో నివసించు విశ్రాంతోపాధ్యాయుడను. నా మనుమడు నగరమున కంప్యూటరు ఉద్యోగి. ఒకనాటి రాత్రి అతడు భోజనము మాని యంత్రము ముందే కూర్చుండెను. తెల్లవారిన పిమ్మట కారణ మడుగగా, "తాతయ్యా, పంక్తి మొదట టాబ్ ఉండవలసిన చోట ఖాళీలు పడినవి. కంటికి రెండును ఒక్కటే" అనెను. ముప్పదియేండ్లు పిల్లల వ్రాతలు దిద్దిన నాకు, కనబడని తప్పు కూడ కలదని అప్పుడు తెలిసినది. దాని చరిత్ర విచారించితిని.

పెద్ద ప్రోగ్రాము అనేక ఖండములుగా వ్రాయబడును. వానిని కంపైలరు యంత్రభాషలోనికి మార్చిన పిదప ఒక్కటిగా కూర్చవలెను. ఒక ఖండమును దిద్దియు మరల మార్పించుట మరచినచో పాత తప్పే నడచును. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో స్టీవ్ జాన్సన్ అను నాతడు ఇట్లే మరచి, అదివరకే దిద్దిన తప్పును వెదకుచు ఒక ఉదయమంతయు వ్యర్థపుచ్చెను. అతని మొర విన్న సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అను సాధనమును నిర్మించెను.

దీని మర్మము మన వంటయింటనే కలదు. పప్పులో ఉప్పు చాలనిచో ఇల్లాలు కందులను మరల విసరదు. ఏది దేనివలన పుట్టునో మేక్‌ఫైలు అను పట్టికలో వ్రాసియుంచవలెను. మేక్ కాలచిహ్నములను పోల్చి, కార్యముకంటె కారణము క్రొత్తదైనచో ఆ కార్యమును మాత్రమే మరల చేయును. ఇందువలన ఎంతయో కాలము మిగులును. కాని పట్టికలో ఒక కారణమును వ్రాయ మరచినచో, అది మారినను మేక్ ఎరుగదు.

ఆజ్ఞల పంక్తి టాబ్‌తో మొదలు కావలెనను నియమమును ఫెల్డ్‌మన్ తేలికయని తొలుత పెట్టెను. కొన్ని వారములకే డజను మంది, అందు పెక్కురు మిత్రులే, దానిని వాడజొచ్చిరి. వారి పని చెడునని అతడు నియమమును మార్చడయ్యెను. ఆ కొలదిమందిపై దాక్షిణ్యము లోకమునకెల్ల బంధమైనది. 2000లో వెలువడిన యాంట్ అను సాధనము ఆ చిక్కును తప్పించెను గాని, దాని ఎక్స్‌ఎంఎల్ పట్టికలు చాంతాడువలె పెరిగినవి. మేక్ నేటికిని నిలిచియున్నది. దానికై 2003 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారము ఫెల్డ్‌మన్‌కు లభించెను.

నేనును అట్టి దోషినే. ఉద్యోగపు తొలియేట ఒక పద్యమును అపపాఠముతో చెప్పితిని. తప్పు తెలియునప్పటికి పదిమంది బాలురు కంఠస్థము చేసియుండిరి. జాలిపడి దిద్దనైతిని. ఇటీవల మా వీధిలో ఒక బాలుడు అదే తప్పుతో ఆ పద్యము చదువగా విని తల వంచుకొంటిని. వాని తండ్రి నా శిష్యుడు. వానిని చేర బిలిచి సరియైన పాఠము చెప్పితిని. నేర్చినవారు పదిమందియే యున్నప్పుడు దిద్దియుండిన ఎంత సులువయ్యెడిది!