గుణింతం వచ్చింది, అర్థం రాలేదు

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసుకు నివేదిక పంపాడు. గవర్నరు మన్రో ముందటేడు మొదలుపెట్టిన ఆరాకు అది జవాబు. జిల్లాలో 533 బడులు. వాటిలో 226 తెలుగువి. అయిదో ఏట వినాయకుడికి పూజ చేసి, పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో రాయించేవారు. ఆ తర్వాత నేల మీద ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఆపైన తాటాకు, గంటం. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే ఆ పద్ధతిలోని పొదుపును ఇంగ్లండు అనుకరించడం సబబేనని కలెక్టరు మెచ్చుకున్నాడు.

చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన నొచ్చుకున్నాడు. పుస్తకాలన్నీ పద్యాలు, భాష ఇంట్లోనూ అంగట్లోనూ వినపడనిది. లిపి ఒకటే కాబట్టి పిల్లవాడు చదవగలడు. అర్థం మాత్రం చిలుకకు తెలిసినంతే. చాలామంది పంతుళ్లూ వివరించలేకపోయేవారు.

ఈ నేరాన్ని గుణింతం మీదికి నెట్టకూడదు. తలకట్టు నుంచి విసర్గ దాకా గుర్తులు, వాటికి తోడు ఒత్తులు: పదేపదే దిద్దితే తప్ప కంటికి పట్టుబడవు. తప్పు జరిగింది తర్వాతి మెట్టు మీద. దిద్దిన అక్షరానికి చదవదగ్గ మాట దొరకలేదు.

1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరు యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను పట్టుకుని వాడుకభాష కోసం జీవితమంతా పోరాడాడు. పర్లాకిమిడిలో గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాసిందీ ఆయనే.

చదివే పాఠం చదివేవారిదైతే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపించింది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడి వాచకంలోని సీతమ్మ కథలో సారా ఉంది, తన్నులున్నాయి. కూడబలుక్కుని చదివిన ఆడవాళ్లకు అది తమ ఇంటి కథే. ఆ జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ గెలుపే తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తెలుగునాట ఏ వాచకమూ ఇంత పని చేయలేదు.

ఇంటి భాష తెలుగు కాని పిల్లలకు ఈ చిక్కు రెట్టింపు. నర్సీపట్నం నుంచి కొండలెక్కితే కొయ్యూరు మన్యం వస్తుంది. ఆ మన్యంలో తెలుగుతోపాటు కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడా ఇంటి భాషలే. అలాంటి పిల్లలకు మొదటిరోజే తెలుగు వాచకం ఇస్తే అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. 2004లో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన మాతృభాషా బోధనలో ఈ మూడూ ఉన్నాయి. వాచకాలు తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి. ఇంటి మాటలతో నేర్చిన ఆ అక్షరాలే పై తరగతుల్లో తెలుగు చదవడానికీ పనికొచ్చేలా పాఠాలు కూర్చారు.