తెలుగు నేలపై నాణేల సేకరణ: ఒక పరిశీలన

తెలుగు ప్రాంతాల పాత నాణేలను పోగుచేసే పని ఈస్టిండియా కంపెనీ అధికారుల సొంత అభిరుచిగా మొదలైంది. కాలిన్ మెకంజీ ఆరు వేలకు పైగా నాణేలు కూడబెట్టాడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఎలియట్ దక్షిణ భారత నాణేలపై రాసిన గ్రంథం 1880ల్లో, ఆయన చూపు కోల్పోయాక వెలువడింది.

1851లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం ఏర్పడటంతో ఈ పని సంస్థ చేతికి వచ్చింది. భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం నిర్దేశించింది. అంతవరకు అలాంటి బంగారం కంసాలి మూసలో కరిగిపోయే అవకాశమే ఎక్కువ.

తెలుగు నేలపై దొరికే అలాంటి పాత బంగారు నాణేల్లో ఒకటి తూర్పు గాంగుల పణం. వారి రాజధాని కళింగనగరాన్ని నరసన్నపేటకు చేరువలోని శ్రీముఖలింగంగా గుర్తించారు. పణం అర గ్రాముకైనా తూగదు. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు 'స' అనే అక్షరం, అంకుశం, రాజ్య సంవత్సరాన్ని తెలిపే అంకె ఉంటాయి. రాజు పేరు లేకపోవడంతో ఏ నాణెం ఎవరిదో తేల్చడానికి శాసనాల సాయం కావాలి.

నిజాం రాజ్యంలో 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది. 1930లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం తెరిచారు. 1940ల్లో కొండాపూర్ తవ్వకాలు శాతవాహన నాణేలను పెద్దసంఖ్యలో వెలికితీశాయి. తవ్వకంలో ఏ పొరలో ఏది దొరికిందో నమోదవుతుంది కాబట్టి, ఇవి కాలనిర్ణయానికి పనికొచ్చే ఆధారాలయ్యాయి.

1956 తర్వాత హైదరాబాద్ మ్యూజియమే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మ్యూజియంగా ఎదిగింది. ఇక్కడి శాతవాహన నాణేలకు ఎం. రామారావు, రోమన్ నాణేలకు పరమేశ్వరీలాల్ గుప్తా 1960ల్లో జాబితాలు సిద్ధం చేశారు. 1970ల చివర పి.వి. పరబ్రహ్మశాస్త్రి కోటిలింగాల నాణేలపై చిముక పేరు చదివారు. పురాణాల్లోను, నానేఘాట్ శాసనంలోను కనిపించే శాతవాహన మూలపురుషుడి పేరుకు దీంతో నాణెపు సాక్ష్యం దొరికింది.

ముద్రణ చరిత్రను భద్రపరచే పని సైఫాబాద్ టంకశాల చేపట్టింది. 1903లో మొదలైన ఈ భవనంలో 2022 జూన్‌లో మ్యూజియం తెరిచారు. నాణేలతోపాటు వాటిని అచ్చువేసిన సామగ్రి కూడా అక్కడ ప్రదర్శనకు చేరింది.