తన పటము తాను తీసికొనుట



పడుచువాండ్రు సెల్‌ఫోను చేతబట్టి, చేయి చాచి, తమ పటమును తామే తీసికొనుట నేడు పల్లెలలో సైతము మీరు చూచుచునే యున్నారు. పెద్దలలో కొందరు దీనిని మిడిసిపాటుగా నెంచుదురు. ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. ఛాయాచిత్రకళతో గూడ జనించినది. దీనియందు పైకి వచ్చినవారికి ఇతరుల కన్ను తోడ్పడిన తీరును మీకు మనవి చేయుటకే ఈ ప్రసంగమును పూనుకొంటిని.

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున డాగేరు అను చిత్రకారుని పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. రాగిరేకునకు వెండిపూత పూసి, అద్దమువలె మెరుగుపెట్టి, దానికి అయొడిన్ ఆవిరి పట్టింపవలెను. పిదప దానిని చీకటిపెట్టెలో నమర్చి, కటకముగుండా వెలుగు సోకింపవలెను. ఆ మీదట పాదరసపు ఆవిరి పట్టించినచో బొమ్మ తేలును. ఈ వార్త కొలది వారములలోనే సముద్రము దాటి అమెరికాకు చేరెను.

అచ్చట ఫిలడెల్ఫియా పట్టణమున రాబర్ట్ కార్నీలియస్ అను ముప్పదియేండ్ల యువకుడు తండ్రితో గూడి దీపముల కర్మాగారము నడుపుచుండెను. లోహములకు వెండిపూత పూయుటలో నేర్పరి యగుటచే నాతనికి ఈ క్రొత్తవిద్యపై మనసు పోయెను. 1839వ సంవత్సరమున శరత్కాలమందు, తమ అంగడి వెనుకటి పెరటిలో పెట్టె నిలిపి, తానే దాని యెదుట కూర్చుండి, తన పటమును తీసికొనెను. నేటికిని నిలిచియున్న మనుష్యుల ఛాయాచిత్రములలో మిగుల ప్రాచీనమైనవానిలో నిది యొకటి. ఇప్పుడది అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

ఆ పటమును చూడుడు. జుట్టు చెదరి యున్నది. చేతులు రొమ్మున కట్టుకొని యున్నాడు. రేకు నడుమ గాక యొక ప్రక్కకు తొలగి యున్నాడు. ఈ తొలగుటకు కారణము ఊహించుట కష్టము కాదు. పెట్టె వెనుక నుండువానికి గరుకుటద్దముపై నెదుటి దృశ్యము కనబడును. కాని వాడు పెట్టెకడ నున్నంతసేపు పీట ఖాళీ. పీటపై కూర్చున్నంతసేపు అద్దమును చూచు దిక్కు లేదు. తీయువాడును తానే, కూర్చుండువాడును తానే. నడుమ చూచువాడు మాత్రము లోపించెను. ఆ దినములలో వెలుగు నిమిషముల కొలది సోకవలసియుండుటచే, కటకపు మూత తీసి వచ్చి కూర్చుండుటకు కావలసినంత వ్యవధి యుండెను. ఆ నడకజాడ రేకుపై నంటదు. ఓపికయున్న చాలును, కాని తాను సరిగా నడుమ నుంటినో లేదో చెప్పు నాథుడు లేడు.

కార్నీలియస్ ఒంటరిగా నుండిపోలేదు. ఆ యేటి డిసెంబరు మాసముననే యాతని పనితనపు మాదిరి అమెరికా తత్త్వశాస్త్ర సమాజమువారి యెదుట ప్రదర్శింపబడెను. పాల్ బెక్ గాడర్డు అను వైద్యుడు, రసాయన మెరిగినవాడు, ఆతనితో చేరి అయొడిన్‌నకు తోడుగా బ్రోమిన్ ఆవిరిని వాడుక చేసెను. దానితో నిమిషముల పని సెకండ్లకు దిగెను. 1840లో కార్నీలియస్ మనుష్యుల పటములు తీయు శాలను తెరచెను. పెరటిలో నొక్కడు చేసిన యత్నము ఇద్దరి కూడికచే వృత్తిగా మారెను.

పారిసులో నింకొక కథ నడిచెను. ఆర్థికశాఖలో గుమాస్తాయగు హిపోలిట్ బయార్డు కాగితముపై బొమ్మ తేలునట్లు స్వంతముగా నొక పద్ధతిని కనిపెట్టెను. కాని ఉపకారవేతనము, కీర్తి డాగేరునకే దక్కినవి. 1840లో బయార్డు నీట మునిగి చనిపోయినవానివలె కన్నులు మూసికొని కూర్చుండి తన పటము తీసికొని, దాని వెనుక తన మొరను వ్రాసెను. తన పటమును తాను తీసికొనుట గోడు వెళ్లబోసికొనుటకును సాధనమయ్యెను. అయినను ఆయన ఆ శోకముననే యుండిపోలేదు. 1854లో ఫ్రెంచి ఛాయాచిత్ర సమాజమును స్థాపించినవారిలో తానును ఒకడై, తోడివారితో కలిసి పనిచేసెను.

ఆ 1854లోనే బొంబాయియందును, 1856లో కలకత్తా, మద్రాసులయందును ఇట్టి సమాజము లేర్పడినవి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివి. 1850లో మద్రాసున చిత్రకళాశాలను నెలకొల్పిన డాక్టరు అలెగ్జాండర్ హంటరే అచ్చటి సమాజమునకును మూలపురుషుడు. సభ్యులు పటములు తెచ్చి చూపుదురు. ఒకరి పనిని మరియొకరు పరీక్షింతురు. జయపుర మహారాజు రెండవ రామసింగు బెంగాల్ సమాజమున సభ్యుడు. శివభక్తుడగు నాయన పూజావేషమున కూర్చుండి తన పటములు తీసికొనెను. అది తడి గాజుపలకల కాలము. పలక యారిపోకముందే పని యంతయు ముగియవలెను గావున, పీటపై కూర్చుండిన రాజునకు పెట్టెకడ సహాయుడు తప్పనిసరి. కొలువులో రాజునకు దోషము చెప్పువాడు దొరకుట యరుదు. సమాజమునందు పటమునకు కిరీటము లేదు.

ఇతరుల కన్ను ఎందులకు? మన ముఖమును మన మెరుగునది అద్దమువలన. అద్దమున కుడి యెడమలు తారుమారగును. డాగేరు రేకుపై బొమ్మయు సామాన్యముగా నట్లే తారుమారై యుండెడిది. పిదప గాజుపలకనుండి కాగితముపై దింపిన పటములలో మనుజుడు లోకులకు కనబడునట్లే కనబడసాగెను. అందుచే తన పటము తనకే క్రొత్తగా తోచును. మనము చూడని ముఖమును మన పొరుగువాడు దినమును చూచుచున్నాడు. కావున తీర్పు చెప్పుట కాతడే తగినవాడు.

తీర్పు చెప్పుటకును పద్ధతి కలదు. గత శతాబ్దికి ముందటి శతాబ్దమున ఇంగ్లండులో కొన్ని సంఘములవారు పటముల సంపుటమును తపాలాలో ఒకరినుండి యొకరికి పంపుకొని, ఒక్కొక్కదానిపై తమ యభిప్రాయమును వ్రాసెడివారు. "బాగున్నది" యన్నచో వినువానికి ముచ్చటయే గాని విద్య రాదు. "బాగులేదు" అన్నను అంతియే. "ఎండ నడినెత్తినుండి పడుటచే కన్నులు గుంటలైనవి; కిటికీ ప్రక్కగా కూర్చుండుము" అన్నచో దోషము, కారణము, ఉపాయము మూడును కలవు. వాడు మరునాడే మరియొక పటము తీసి చూచుకొనగలడు.

కావున పెద్దలారా! మీ మనుమడు తన పటమును తెచ్చి చూపినప్పుడు నవ్వి త్రోసివేయకుడు. ఊరక మెచ్చి పంపివేయకుడు. కన్నద్దములు సవరించుకొని నిదానముగా చూచి, ఒక్క లోపమును కారణముతో చెప్పుడు. వాడు పటమును చేతబట్టి మీకడకు వచ్చినది చూచువాడు కావలసియే. ఆ పని మీరు చేయగలరు.