వెతకడం వేరు, మార్చడం వేరు

లైనక్స్‌లో ‘గ్రెప్’, ‘సెడ్’ అనే ఆదేశాలు మనకి ఇంజనీర్ల పనిముట్లుగానే పరిచయమవుతాయి. నిజానికి వాటి పుట్టుక వెనక ఒక సాహిత్య సమస్య ఉంది. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ ఫెడరలిస్ట్ వ్యాసాల కర్తృత్వాన్ని పరిశీలించాలనుకున్నారు. ఒకే మారుపేరుతో అచ్చయిన 85 వ్యాసాల్లో ఏది ఎవరిది? అప్పటి ‘ఈడీ’ ఎడిటర్‌లో అంత పాఠం పట్టలేదు. దానిలోని వెతికే గుణాన్ని కెన్ థాంప్సన్ విడదీసి గ్రెప్ చేశారు. ఆ తర్వాత మెక్‌మాన్ సెడ్ రాశారు. అది పాఠాన్ని పంక్తి తర్వాత పంక్తిగా చదువుతూ, చెప్పిన మాట ఉన్నచోట మరో మాట పెడుతుంది.

ఈ చరిత్రలో తక్కువగా వినిపించే పేరు లోరిండా చెర్రీ (1944–2022). 1966లో బెల్ ల్యాబ్స్‌లో చేరిన ఆమె, గణిత సమీకరణాలని అచ్చుకి సిద్ధం చేసే ‘ఈక్యూఎన్’ని బ్రయన్ కెర్నిహాన్‌తో కలిసి రూపొందించారు. వాక్యాల తీరుని లెక్కగట్టే ‘స్టైల్’, పేలవమైన పదబంధాలని పట్టి చూపే ‘డిక్షన్’ కూడా ఆమె కృషే. ఇవి ‘రైటర్స్ వర్క్‌బెంచ్’ అనే సంపుటిలో భాగమయ్యాయి. అందులో ‘సెక్సిస్ట్’ అనే ఆదేశం కూడా ఉండేది. లింగవివక్ష ఉన్న పదాలని గుర్తించి, బదులు మాటలు సూచించడం దాని పని.

ఇంగ్లీషులో ఇలాంటి వివక్షని చాలావరకు విడి పదాల్లో పట్టుకోవచ్చు. తెలుగులో అది క్రియ చివర కూడా ఉంటుంది. ‘ఆయన రాశారు, ఆమె రాసింది’ అని ఒకే పేరాలో అలవోకగా రాసేస్తాం. ‘పెన్ను బాగా రాసింది’ అన్నా అదే క్రియ. ‘రాసింది’ ఉన్నచోటల్లా ‘రాశారు’ పెట్టమని సెడ్‌కి ఒక్క పంక్తిలో చెప్పొచ్చు. క్షణంలో పెన్నుకి కూడా గౌరవం దక్కుతుంది! సెడ్‌కి అక్షరాల వరస తెలుసు, కర్త ఎవరో తెలీదు.

గ్రెప్ చేసే పని వేరు. ‘రాసింది’ అని వెతికితే ‘వ్రాసింది’ కూడా దొరుకుతుంది. యూనికోడ్‌లో రావత్తు ‘ర’గానే నిల్వ ఉంటుంది కాబట్టి. ముందు రెండు పంక్తులతో సహా చూపించమంటే కర్త కూడా కనిపిస్తుంది. ఏ రచయిత్రికి ‘రాశారు’ దక్కింది, ఎవరు ‘రాసింది’ దగ్గరే ఆగిపోయారు అన్నది అప్పుడు మనం చదివి తేల్చుకోవాలి.

పాత సాహిత్య చరిత్రలని మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఈ తేడా ముఖ్యం. ఆ ‘రాసింది’ని మర్యాదగా దిద్దేస్తే, అమర్యాదకి ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. సెడ్ మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప మూలప్రతిని ముట్టుకోదు, మార్చిన పాఠాన్ని విడిగా ఇస్తుంది. సంపాదకులు కూడా ఆ పద్ధతి పాటించడం అవసరం.