ధార్వాడ కొండముచ్చులు చెప్పిన సంగతి



ధార్వాడ అనగానే మన కర్ణాటక తెలుగువాళ్లకు ముందు పేడా గుర్తొస్తుంది, ఆ తర్వాత హిందుస్తానీ సంగీతం. జంతువుల మీద పరిశోధన చేసేవాళ్లకు మాత్రం అక్కడి కొండముచ్చులు గుర్తొస్తాయి. పిల్లల్ని కనడంలో ఆడదానికీ మగదానికీ లాభం ఒక్కటేనన్న పాత నమ్మకాన్ని కదిలించిన వాటిలో ఆ ఊరి అడవుల సంగతి ఒకటి.

1961లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం నుంచి యుకిమారు సుగియామా ధార్వాడ వచ్చి, కొండముచ్చుల వెంట తిరిగారు. అక్కడ చాలా గుంపుల్లో ఎదిగిన మగది ఒక్కటే ఉంటుంది, మిగతావి ఆడవీ పిల్లలూ. గుంపు దొరకని మగవి విడిగా జట్టుకట్టి తిరుగుతుంటాయి. 1962లో అలాంటి జట్టు ఒకటి ఒక గుంపు మీద పడి పాత మగదాన్ని తరిమేసింది. చివరికి జట్టులో ఒక్కటే నిలిచి పెత్తనం తీసుకుంది. ఆ తర్వాత ఆ గుంపులో పసిపిల్లలు దాని కోరలకు బలయ్యాయి. పిల్లలు పోయిన తల్లులు త్వరలోనే దానితోనే జతకట్టాయి.

ఇది 1965లో అచ్చయింది. చాలామందికి మింగుడుపడలేదు. అంతకుముందు ఉత్తర భారతంలో పరిశీలించిన ఫిలిస్ జే, కొండముచ్చులవి శాంతమైన గుంపులని రాసి ఉన్నారు. చోటు ఇరుకై మతిచెడి అలా చేశాయని కొందరు సరిపెట్టుకున్నారు.

ఆ ఇరుకు సంగతి తేల్చుకుందామనే 1971లో హార్వర్డ్ విద్యార్థిని సారా బ్లాఫర్ హర్డీ రాజస్థాన్‌లోని మౌంట్ అబూ వచ్చారు. అక్కడ తేలింది వేరు. పిల్లల ప్రాణం మీదికి వచ్చేది బయటినుంచి కొత్తగా దిగిన మగది. చంటిపిల్లకు పాలిస్తున్నన్నాళ్లూ తల్లి మామూలుగా ఎదకు రాదు. కొత్త మగదాని పెత్తనమా, సగటున రెండేళ్ల పైచిలుకు. ఓపిక పడితే తన పిల్లలు నిలదొక్కుకోకముందే ఇంకొకటి వచ్చి పడుతుంది. పరాయి పిల్లను చంపితే దానికి కాలం కలిసొస్తుంది. తల్లికి మాత్రం ఆరున్నర నెలల మోత, ఆపై పాలిచ్చిన కష్టం అంతా వృథా.

తల్లులు చేతులు ముడుచుకుని కూర్చోవని కూడా హర్డీ చూశారు. ముసలి ఆడవి తెగించి మగదాని మీదికి ఉరుకుతాయి. కడుపుతో ఉన్నవి సైతం కొత్త మగదానితో జతకడతాయి. పుట్టబోయేది తనదేమోనన్న అనుమానం మగదానికి ఉంటే, ఆ పిల్ల బతికే అవకాశం ఎక్కువని హర్డీ వివరణ. ఇదంతా అవి కూర్చుని వేసుకున్న లెక్క కాదు, తరతరాలుగా నిలిచిన నడవడి. ఈ వాదనతో ఆమె పుస్తకం 1977లో వచ్చింది. 1979లో జెఫ్రీ పార్కర్ ఇలాంటి పేచీలన్నిటినీ లైంగిక సంఘర్షణ అన్న పేరు కింద సిద్ధాంతంగా చర్చించారు. ఆయన ముఖ్యంగా పరిశోధించింది పేడ మీద వాలే ఈగల్ని!

కళ్లారా చూసిన సంఘటనలు తక్కువని వాదం ఏళ్ల తరబడి సాగింది. 1999లో నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చుల పెంట నుంచి తీసిన డీఎన్ఏతో ఒక ముడి విడింది. పరీక్షించిన సంఘటనల్లో పిల్లల మీద పడిన మగవేవీ వాటి తండ్రులు కావు.

ఇది చదివి "ప్రకృతే అలా ఉంది కదా" అని మనుషుల దౌర్జన్యానికి సాకు వెతికేవాళ్లు ఉంటారు. ప్రకృతిలో ఉన్నదల్లా న్యాయం కాదు. పైగా తల్లుల ఎదిరింపు కూడా ఆ ప్రకృతిలోదే. మగది ఏం చేసిందన్న దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ సగం కథ మనకు తెలిసేదే కాదు.

ధార్వాడ, హుబ్లీ వైపు సభ్యులు ఈసారి కొండముచ్చుల గుంపు కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి. పుట్టిన పిల్ల నల్లగా ఉంటుంది. దాన్ని తల్లి ఒక్కతే మోయదు, గుంపులోని ఆడవన్నీ చేతులు మారుస్తూ ఎత్తుకుంటాయి. ఫోటో దొరికితే ఇక్కడ పెట్టండి.