ఆవిరికి వంగిన కుర్చీ

నేటి జర్మనీలో రైన్ నదీతీరమున నున్న బొపార్డ్ పట్టణమున 1796వ సంవత్సరము జూలై 2వ తేదీన మిహాయెల్ తోనెట్ అను వడ్రంగి జన్మించెను. రాజుల జయంతులకు తోరణములు గట్టు లోకము, తాను దినమెల్ల కూర్చుండు కుర్చీకి క్రొత్త దారి చూపినవానిని ఒక్కమారైనను తలంపకుండుట న్యాయము గాదు. బల్లలు, బీరువాలు కొనబోవువారు కొయ్య రంగును, మెరుగును, నగిషీని చూచి మురియుదురుగాని, వస్తువు మంచిచెడ్డలు తేలునది అతుకువద్దనే. ఈ వృత్తి చరిత్రయంతయు అతుకుల చరిత్రయే.

నాలుగున్నర వేల యేండ్లనాడే ఈజిప్టు వడ్రంగులు ఒక కొయ్యకు బెజ్జము తొలిచి, మరియొకదానికి కుసి దీసి, రెంటిని బిగించు విద్య నెరిగియుండిరి. మన ఊరి వడ్రంగి ద్వారబంధమునకు నేడును చేయునది ఆ పనియే. గ్రీకులు కుర్చీ కాళ్లకు సొగసైన వంపు దెచ్చిరి. మధ్యయుగపు ఐరోపాలో పెట్టెయే భోషాణముగను ఆసనముగను పనికివచ్చెను. తేమకు ఉబ్బి ఎండకు కుంచించు పలక పగులకుండుటకై, దానిని జిగురు పెట్టక చట్రపు గాడిలో వదులుగా నిలుపు ఉపాయము ఆ దేశముల పనివారి చేతిలో స్థిరపడెను. పదునాలుగవ లూయీ కొలువున ఆంద్రే షార్ల్ బూల్ ఇత్తడిని, తాబేటి చిప్పను చెక్కపై పొదిగి, లోపలి కొయ్య ఎట్టిదో ఎవ్వరును అడుగకుండునట్లు చేసెను.

ఇక మన తోనెట్ కథ. పలుచని చెక్కపొరలను జిగురులో నుడికించి, అచ్చులలో వంచి, కుర్చీలు చేయుట అతడు 1830 ప్రాంతమున మొదలుపెట్టెను. ఆ వంపులు చూచి ముగ్ధుడైన ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ప్రభువు పిలువగా, 1842లో వియన్నా చేరి, రాజభవనముల పనులు చేసి, 1851 నాటి లండను ప్రదర్శనమున కంచు పతకమును గూడ గైకొనెను. కాని సముద్రములు దాటి ఉష్ణదేశములకు బోయిన కుర్చీల పొరలు అచటి తేమకు విడివడజొచ్చెను. పతకములు జిగురును నిలుపజాలవు గదా!

అంతట తోనెట్ జిగురునే విసర్జింప నిశ్చయించెను. బీచ్ చెట్టు కొయ్యను నిడుపైన కడ్డీలుగా జేసి ఆవిరిపట్టినచో మెత్తబడునుగాని, వంచునప్పుడు వెలుపలి వైపు సాగలేక చిట్లును; కొయ్య నొక్కుటకు లొంగునంతగా సాగుటకు లొంగదు. కనుక అతడు కడ్డీ వెలుపలి వైపున ఇనుపపట్టీని బిగించి, సాగుటకు తావు లేకుండ జేసి, లోపలి వైపు నొక్కుకొనునట్లు వంచి, ఇనుప అచ్చులో నారబెట్టెను. 1856లో దీనికి పేటెంటు లభించెను. బీచ్ అడవులకు చేరువగా మొరావియాలో కర్మాగారము వెలసెను. 1859లో వెలువడిన 14వ నంబరు కుర్చీకి కావలసినవి ఆరు కొయ్య ముక్కలు, పది మరలు, రెండు నట్లు, పేము అల్లిన పీట. విడదీసినచో ఒక ఘనమీటరు పెట్టెలో ముప్పదియారు కుర్చీలు ఇమిడెడివి. చేరినచోట బిగించుటకు వడ్రంగియే అక్కరలేదు. 1930 నాటికి ఐదు కోట్లు అమ్ముడుపోయినవందురు. బొంబాయి ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్లల చుట్టు కానవచ్చు వంపుకర్ర కుర్చీలు ఈ వంశమువే.

ఇటుపైని కథ చక్కని వరుసలో నడువదు. 1869లో పేటెంటు గడువు తీరగానే పోటీదారులు పుట్టుకొచ్చిరి. 1925లో మార్సెల్ బ్రాయర్ ఉక్కుగొట్టమును వంచగా, కొన్నాళ్లకు ఆ గొట్టపు కుర్చీలను తోనెట్ సంస్థయే అమ్మెను. పిమ్మట ప్లైవుడ్డు ప్రబలెను, పొట్టును జిగురుతో నదిమిన పార్టికల్ బోర్డు వచ్చెను, దానిపై సన్మైకా వచ్చెను, అతుకే లేని ప్లాస్టిక్ కుర్చీ పెండ్లిపందిళ్ల నాక్రమించెను. తోనెట్ త్యజించిన జిగురే తిరిగి సింహాసన మెక్కినది. పొట్టుపలకలో ఒకమారు ఊడదీసిన మర రెండవమారు గట్టిగా పట్టదు.

కావున పాఠకులకు మనవి: దుకాణమున మెరుగునుచూచి మోసపోవక, కుర్చీని తలక్రిందులుగా త్రిప్పి, అతుకు కుసిదో, మరదో, వట్టి జిగురుదో చూచి, అటుపిమ్మటనే ధర యడుగుడు.